మారణహోమం చూసిన పరాయివాళ్ల జ్ఞాపకాలు: ఏది మేలు?

ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది కాబట్టి విశాఖలో 1971 అనగానే ఘాజీ మునక గుర్తొస్తుంది. దానికి ఎనిమిది నెలల ముందు, మార్చి 25 రాత్రి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకా యూనివర్సిటీ హాస్టళ్ల మీద పాకిస్తాన్ సైన్యం పడి పిల్లల్ని చంపింది. మన ఏయూ హాస్టళ్ల లాంటివే అవీ. ఆ ఊచకోత గురించి రాసిన బయటివాళ్లలో ముఖ్యుడు ఆర్చర్ బ్లడ్, అప్పుడు ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్. ఇలాంటి సాక్షుల్ని ఎంతవరకు నమ్మొచ్చో తెలియాలంటే ముందు 1915లో ఒట్టోమన్ టర్కీలో జరిగిన ఆర్మీనియన్ల మారణహోమం మీద ఇద్దరు అమెరికన్లు రాసింది పక్కపక్కన పెట్టి చూడాలి.

హెన్రీ మోర్గెంథావ్ 1913 నుంచి 1916 దాకా కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, అమెరికా రాయబారి. 1918లో వచ్చిన ఆయన పుస్తకం పట్టుకుంటే వదలనివ్వదు. టర్కీ హోంమంత్రి తలాత్‌తో జరిగిన సంభాషణలు మాటకు మాటగా ఉంటాయి. చిక్కంతా అక్కడే. ఆయనకు టర్కీ భాష రాదు, నడుమ దుబాసీ ఉండేవాడు. రాతలో బర్టన్ హెండ్రిక్ అనే జర్నలిస్టు చెయ్యి ఉంది. అమెరికా జర్మనీతో యుద్ధం చేస్తున్న రోజులు కాబట్టి టర్కీ మిత్రదేశమైన జర్మనీ పాపాన్ని పెద్దది చేసి చూపించారు. అలాగని జరిగింది అబద్ధమైపోదు. తిరుగుబాటుకు ప్రతీకారమనే సాకుతో జాతి నిర్మూలన సాగుతున్నట్టుందని 1915 జూలై 16నే ఆయన వాషింగ్టన్‌కు టెలిగ్రాం కొట్టాడు. పుస్తకంలోని సంభాషణలన్నిటికన్నా ఆ ఒక్క వాక్యమే గట్టి సాక్ష్యం.

లెస్లీ డేవిస్ ఆయన కిందే, తూర్పు టర్కీలోని ఖర్పూత్‌లో కాన్సుల్. 1915లో గోల్జుక్ సరస్సు చుట్టూ గుర్రం మీద తిరిగి, లోయ లోయలో ఆగి చూశాడు. 24 గంటల్లో తను చూసిన శవాలు 10,000కు తక్కువ ఉండవని అంచనా కట్టాడు. చాలామంది తూటాలతో కాక బాయొనెట్ పోట్లతో పోయారని గమనించాడు. ఇది 1918లో ప్రభుత్వానికిచ్చిన రిపోర్టు, అచ్చయింది 1989లో. పాఠకుణ్ణి కదిలించాలన్న తాపత్రయం ఎక్కడా లేదు, అందుకే ఎక్కువ కదిలిస్తుంది. లోపం లేకపోలేదు. ఆర్మీనియన్ల మీద చిన్నచూపు కొన్నిచోట్ల బయటపడుతుంది. అతని కళ్లను నమ్మండి, మనుషుల స్వభావం మీద అతనిచ్చే తీర్పుల్ని వదిలేయండి.

ఇంకో సాక్షి రోమియో డల్లేర్, 1994లో టుట్సీ జాతివాళ్ల ఊచకోత జరిగిన రువాండాలో ఐక్యరాజ్యసమితి దళానికి అధిపతి. ఆయన పుస్తకం 2003లో వచ్చింది. 1994 జనవరి 11న ఆయన పంపిన హెచ్చరిక ఏమైంది, మారణకాండ నడుస్తుండగానే ఏప్రిల్ 21న భద్రతా మండలి దళాన్ని 270 మందికి ఎలా కుదించింది అనేవాటికి దీన్ని మించింది లేదు. కాకపోతే కథ మధ్యలో నిలబడేది కాపాడలేకపోయిన సైనికుడి గుండెకోత. చనిపోయిన టుట్సీలు వెనక వరసలోకి జరుగుతారు.

ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో నలుగురు కూడి ఒక్కదాన్ని చర్చకు పెట్టుకోవాలంటే మా ఓటు బ్లడ్‌కే. అచ్చయింది 2002లోనైనా, అందులో ఆనాటి టెలిగ్రాంలు ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల తర్వాతి జ్ఞాపకాన్ని ఆ రోజు రాతతో సరిచూసుకోవచ్చు. ఆ హత్యల్ని అమెరికా ఖండించకపోవడాన్ని తప్పుపట్టిన ఏప్రిల్ 6 నాటి అసమ్మతి టెలిగ్రాంను ఆయనే రాశాడనుకుంటారు చాలామంది. సంతకాలు 20 మందివి. తను ఏకీభవిస్తున్నానని, కానీ ఆఫీసుకు పెద్దనై ఉండి సంతకం పెట్టడం తగదని ఆయన కింద జోడించి పంపాడు.

ఏది చదివినా చేతిలో పెన్సిల్ ఉండాలి. పేరా పక్కన చూసిందైతే ‘చూ’, ఒకరు చెప్పగా విన్నదైతే ‘వి’, ఊహైతే ‘ఊ’ అని గుర్తు పెట్టండి. మార్చి 25 రాత్రి బ్లడ్ డాబా మీంచి ఆకాశంలో తూటాల వెలుగులు చూశాడు, అది ‘చూ’. హాస్టల్ గదుల్లో జరిగింది ‘వి’. ఆ ‘వి’ ఉన్నచోటల్లా అక్కడ బతికి బయటపడ్డవాళ్లు బెంగాలీలో చెప్పిన మాటల్ని వెతికి పక్కన పెట్టుకోవాలి.