డిట్కో స్పైడర్‌మ్యానా, రొమీటా స్పైడర్‌మ్యానా: మళ్లీ చదివితే ఏది మేలు?

రాత్రి అన్నం తిన్నాక ఒక్క సంచిక, అంతకుమించి వద్దు. ఈ లెక్కన పాత 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' కామిక్స్ మళ్లీ మొదలుపెట్టాను. 1963 మార్చి నాటి మొదటి సంచిక నుంచి 38 దాకా బొమ్మలు స్టీవ్ డిట్కోవి. 1966 ఆగస్టులో వచ్చిన 39తో జాన్ రొమీటా అందుకున్నాడు. మాటలు రెండు చోట్లా స్టాన్ లీవే. చిన్నప్పుడు అడిగితే కళ్లు మూసుకుని రొమీటా అనేవాణ్ని. ఇప్పుడు అనలేను.

రొమీటా అంతకుముందు ప్రేమకథల కామిక్స్ గీసినవాడు. ఆ చెయ్యి తెలిసిపోతూనే ఉంటుంది. ముసుగు వెనకున్న కుర్రాడు పీటర్ పార్కర్ డిట్కో చేతిలో బక్కపలచగా, భుజాలు వంచుకుని, అప్పులవాళ్లు ఎదురొస్తారేమో అన్నట్టు తిరుగుతాడు. అదే కుర్రాడు రొమీటా దగ్గర కొన్ని నెలలకే ఒళ్లు చేసి, జుట్టు దువ్వి, మోటార్ సైకిల్ కొని, స్నేహితుడు హ్యారీతో కలిసి ఫ్లాట్‌లో దిగుతాడు. చూడముచ్చటే! కానీ రోజుకొకటి చదువుతుంటే పీటర్ కోసం గ్వెన్, మేరీ జేన్ అనే అమ్మాయిల పోటీ మాత్రం సాగదీసిన సీరియల్‌లా తయారవుతుంది.

పీటర్‌ని పెంచిన మే ఆంటీకి జబ్బు చేయడం డిట్కోలోనూ ఉందనుకోండి. అయితే ఆ అరిగిపోయిన సరుకుతోనే ఆయన 33వ సంచిక చేశాడు. స్పైడర్‌మ్యాన్ టన్నుల బరువున్న యంత్రం కింద ఇరుక్కుపోయి ఉంటాడు. ఆంటీని బతికించే మందు ఎదురుగానే, చేతికందనంత దూరంలో. పైనుంచి నీళ్లు కారుతున్నాయి. ఇంకొకరైతే నాలుగు గడుల్లో బయటపడేసేవారు. డిట్కో పేజీలకు పేజీలు అక్కడే ఆపుతాడు: వంగిన మెడ, బిగిసిన వేళ్లు, కాస్త లేచి మళ్లీ కుంగిన వీపు. ఆ తర్వాతే పేజీ నిండా ఒకే బొమ్మ. బొమ్మలో కనిపిస్తున్నదాన్నే లీ మాటలు మళ్లీ వివరిస్తాయి. ఆ మాటలున్న బెలూన్లు చేత్తో మూసి చూడండి, ఏమీ తగ్గదు. అప్పటికి కథ అల్లేది కూడా డిట్కోనే. లీకీ ఆయనకీ మాటల్లేవు.

అలాగని డిట్కోని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. (మొదటి సంచికలో హీరో ఇంటిపేరు పార్కర్‌కు బదులు 'పామర్' అని పడింది, అది ఆయన తప్పు కాదులెండి.) 38లో ఆందోళన చేస్తున్న విద్యార్థులను పనీపాటా లేని అల్లరిమూకలా చూపించడం ఇప్పుడు చదివితే చిరాకేస్తుంది. 1969 జనవరి నాటి 68లోనూ క్యాంపస్ గొడవే. అక్కడ పేద విద్యార్థులకు తక్కువ అద్దెకు గదులు కావాలన్న డిమాండ్ ఉంది, పీటర్ ఫొటోలు కొనే పత్రికలోని ఎడిటర్ రాబర్ట్‌సన్ కొడుకు ర్యాండీ ఉన్నాడు, పీటర్‌కీ ఎటు ఉండాలో తేలదు. ఈ ఒక్కదాంట్లో రొమీటా కాలమే నయం.

వరసబెట్టి పది సంచికలు ఒక్క ఆదివారం లాగించేద్దామంటే రొమీటాతో వెళ్లండి, బండి ఎక్కడా ఆగదు. రోజుకొకటి, వెనక్కి తిప్పుకుంటూ చదివేవాళ్లకు మాత్రం డిట్కోనే.

రొమీటా గీసిన 42వ సంచిక చివరి గడి దగ్గర మాత్రం నా మాట చెల్లదు. 25లో డిట్కో మేరీ జేన్ ముఖాన్ని పువ్వు చాటున దాచాడు. పదిహేడు సంచికల తర్వాత ఆమె గుమ్మంలో నిలబడితే, పీటర్‌తో పాటు నేనూ నోరు తెరిచాను, ఈసారి కూడా.