ఐడీ ఫ్యానుకు పీడబ్ల్యూఎం రెక్టిఫైయర్ డ్రైవ్: ఏళ్ళ వాడకం తర్వాత

మాది రాయగడ పక్కన ఫర్నేసు ఉన్న కర్మాగారం. పొగ లాగే 315 కిలోవాట్ల ఐడీ (ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్) ఫ్యానుకు ఉన్న పాత ఆరు పల్సుల డయోడ్ డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) తీసేసి, సరఫరా వైపు కూడా ఐజీబీటీలు (వేగంగా తెరిచి మూసే సెమీకండక్టర్ స్విచ్‌లు) ఉండే యాక్టివ్ ఫ్రంట్ ఎండ్ డ్రైవ్ పెట్టుకుని కొన్నేళ్ళయింది. పీడబ్ల్యూఎం రెక్టిఫైయర్ అన్నది దీన్నే. కొనదగ్గదేనా అని గుణుపురం, కోరాపుట్ వైపు మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళు అడుగుతుంటారు. కొనదగ్గదే, కానీ అమ్మేవాళ్ళు చెప్పే అంకె చూసి మాత్రం కొనకండి.

వాళ్ళు చెప్పేది కరెంటు టీహెచ్‌డీ, అంటే హార్మోనిక్‌ల (సరఫరా ఫ్రీక్వెన్సీకి గుణిజాలైన తరంగాల) వల్ల వచ్చే వంకర, 5 శాతం లోపు అని. ఫ్యాను నిండు వేగంలో ఉన్నప్పుడు మా అనలైజరు కూడా అదే చూపుతుంది. అయితే ఆ లెక్క మామూలుగా 50వ హార్మోనిక్‌తో ఆగిపోతుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో అది 2500 హెర్ట్జ్. మా డ్రైవ్ స్విచ్ అయ్యేది 3600 హెర్ట్జ్ దగ్గర. పాత డ్రైవ్‌లోని డయోడ్ బ్రిడ్జి 5, 7, 11, 13వ హార్మోనిక్‌లంటూ 250 హెర్ట్జ్ నుంచే లైనును పాడుచేస్తే, పీడబ్ల్యూఎం ఆ గోలను 3500, 3700 దగ్గరకు, ఆపైన 7200కు అటూ ఇటూ తరుముతుంది. ఇల్లు ఊడ్చి చెత్తను గడప దాటించినట్టు. గడప బయట ఎత్తిపోసేది ఎల్‌సీఎల్ ఫిల్టరు, అంటే రెండు చోకులు (తీగచుట్టలు), వాటి మధ్య కెపాసిటర్లు. 250 హెర్ట్జ్‌ను ఆపాలంటే కొండంత చోకు కావాలి, 3600ను ఆపడానికి చిన్నది చాలు; ఈ పద్ధతి లాభమంతా అక్కడే ఉంది.

కాబట్టి ఫిల్టరు బాగున్నంత కాలమే డ్రైవ్ బాగున్నట్టు. ఒక వేసవిలో మా ఫిల్టరు కెపాసిటర్లలో ఒక ఫేజువి నీరసించాయి. అనలైజరులో టీహెచ్‌డీ ఎప్పటిలాగే అందంగా ఉంది. అదే సరఫరా బస్‌బారు మీదున్న వేబ్రిడ్జి (లారీల తూకం యంత్రం) తూకం మాత్రం నిలకడగా నిలవలేదు, కంట్రోల్ రూములో ఎల్‌ఈడీ దీపాలు సన్నగా కూశాయి. ఆసిలోస్కోపు పెడితే తరంగం మీద నూగులా 3600 హెర్ట్జ్ కనిపించింది. అప్పటి నుంచి వర్షాకాలానికి ముందూ తర్వాతా ఆ కెపాసిటర్ల విలువ కొలిచి రాసిపెడుతున్నాం. ఈ మాట మాన్యువల్‌లో ఎక్కడో చివరి పేజీల్లో ఉంది. మొదటి పేజీలో ఉండాల్సింది.

పాత డ్రైవ్ ఉన్నప్పుడు మా తలనొప్పి వేరు. 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 5 శాతం ఇంపెడెన్సు, అంటే షార్ట్ సర్క్యూట్ స్థాయి 20,000 కేవీఏ. పవర్ ఫ్యాక్టర్ ప్యానెల్ 400 కేవీఏఆర్ కెపాసిటర్లు చేర్చిందంటే 20,000ను 400తో భాగిస్తే 50, దాని వర్గమూలం ఏడు చిల్లర. సరిగ్గా డయోడ్ బ్రిడ్జి వదిలే ఏడో హార్మోనిక్ దగ్గర అనునాదం, అంటే ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కలిసి దాన్ని ఇంకా పెంచేస్తాయి. కెపాసిటర్లు ఉబ్బేవి, ఫ్యూజులు పోయేవి, తప్పు కెపాసిటరు కంపెనీదని అందరం తిట్టేవాళ్ళం. నిజానికి ఈ ఒక్క జబ్బుకైతే కొత్త డ్రైవ్ అక్కర్లేదు. కెపాసిటర్లకు వరసలో 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు (చోకులు) పెడితే అనునాదం 189 హెర్ట్జ్‌కు దిగుతుంది, ఖర్చూ చాలా తక్కువ. మేము దానితో ఆగలేకపోయింది జనరేటరు వల్ల. ట్రాన్స్‌ఫార్మర్ కంటే జనరేటరు లోపలి రియాక్టెన్సు బాగా ఎక్కువ, అందుకే అదే వంకర కరెంటు అక్కడ వోల్టేజీని ఇంకా వంచేస్తుంది. ఐడీ ఫ్యాను ఎత్తుకోగానే ఏవీఆర్ (జనరేటరు వోల్టేజీని నిలిపే రెగ్యులేటరు) ఊగిపోయేది. ఇప్పుడు అదే సెట్టు మీద ఫ్యాను నిశ్చింతగా తిరుగుతోంది.

నచ్చనివీ ఉన్నాయి. సరఫరా వైపు ఇంకో వరస ఐజీబీటీలు అంటే ఇంకో వరస వేడి, ప్యానెల్ గదిలో ఏసీ తప్పనిసరి. నాగావళి లోయలో పిడుగులు పడే సాయంత్రాల్లో లైనులో ఫేజు చటుక్కున జరిగితే ఇది పాత డయోడ్ డ్రైవ్ కంటే తొందరగా ట్రిప్ అవుతుంది. బ్రేకింగ్ శక్తిని తిరిగి లైనుకు పంపే గుణానికి కూడా డబ్బు కట్టాం. ఫ్యానుకు దానితో పెద్దగా పని లేదు, క్రేనుకైతే బంగారం.

స్విచింగ్ ఫ్రీక్వెన్సీ మీద చేయి వేయాలనిపిస్తే మోటారు వైపు మాత్రమే వేయండి. అక్కడ తగ్గిస్తే ఐజీబీటీ చల్లబడుతుంది, మోటారు కూత పెరుగుతుంది. సరఫరా వైపు తగ్గిస్తే స్విచింగ్ హార్మోనిక్‌ల గుంపు ఎల్‌సీఎల్ సొంత అనునాదానికి దగ్గరవుతుంది, ఫిల్టరు కాలిపోవచ్చు. పొడవైన కేబులు ఉంటే మోటారు దగ్గర పల్సు వోల్టేజీ దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి డీవీడీటీ ఫిల్టరు (వోల్టేజీ పెరిగే వేగాన్ని తగ్గించేది), మోటారు వెనక వైపు ఇన్సులేటెడ్ బేరింగు ముందే అడగండి.

చిన్న మోటార్లకు ఇదంతా దండగ, మంచి చోకున్న మామూలు డ్రైవ్ చాలు. వందల కిలోవాట్ల లోడు జనరేటరు మీద కూడా నడవాల్సిన చోటే దీని ధర గిట్టుబాటవుతుంది. కొంటే మాత్రం డ్రైవ్‌తోపాటే ఒక సెట్టు విడి ఫిల్టరు కెపాసిటర్లు ఆర్డరులో రాయించుకోండి. మాకవి విశాఖపట్నం నుంచి రావాలి, అక్కడ కూడా ఎప్పుడూ నిలవ ఉండవు.