తబెతె మితె అంటే తిని చూడు: ఓసాకాలో చదువు, కుమానో కొండల్లో నడక

రైలు సముద్రం మీదికి వచ్చేసరికి నా గుండె జారిపోయింది. నేను వెళ్ళాల్సింది వకయమ వైపు, కొండల్లోకి. కిటికీలోంచి చూస్తే రెండు పక్కలా నీళ్ళే. ఓసాకాలో ఎక్కిన 8 పెట్టెల రైలు హినెనో స్టేషన్లో రెండుగా విడిపోతుంది. ముందు 4 పెట్టెలు సముద్రంలో కట్టిన కాన్సాయ్ ఎయిర్‌పోర్టుకు, వెనక 4 పెట్టెలు వకయమకు వెళ్తాయి. మైకులో చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. "మాఎ యోన్‌ర్యో" అంటే ముందు నాలుగు పెట్టెలు అని అర్థమైంది కూడా. ఆ తర్వాత వచ్చిన "కిరిహనషి" అనే మాట దగ్గర ఆగిపోయాను. అదేమిటా అని ఆలోచించేలోపు మిగతాదంతా దాటిపోయింది.

కిరు అంటే కోయడం, హనసు అంటే విడదీయడం. రెండూ నాకు విడివిడిగా వచ్చిన మాటలే. ఎయిర్‌పోర్టు ప్లాట్‌ఫామ్ మీద ఉన్న ఉద్యోగిని జపనీస్‌లోనే అడిగాను. ఆయన ఒక చేతిని ఇంకో చేతి నుంచి విడదీసి చూపిస్తూ నెమ్మదిగా చెప్పారు. గంట ఆలస్యమైంది, టెన్షన్ పడ్డాను, కానీ ఆ మాట ఇక జన్మలో మరిచిపోను. అక్కడ ఎవరైనా ఇంగ్లీషులో దారి చెప్పి ఉంటే నాకు రైలు దొరికేది, మాట దొరికేది కాదు.

జపనీస్ నేర్చుకుంటూ ఆ దేశం తిరగాలనుకునే మన తెలుగువాళ్ళకోసమే ఇదంతా రాస్తున్నాను. నేను జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి పాసయ్యాక, ఓసాకాలో ఒక చిన్న భాషా పాఠశాలలో నాలుగు వారాల కోర్సులో చేరాను. మూడు నెలల లోపు కోర్సుకు స్టూడెంట్ వీసా అక్కర్లేదు, షార్ట్ టర్మ్ వీసాతోనే చదువుకోవచ్చు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నాలూ వారాంతాలూ తిరుగుడు. ఎక్కడికెళ్ళినా నాకు ముఖ్యమైంది ఒక్కటే: ఇక్కడ నేను నోరు విప్పాల్సి వస్తుందా లేదా.

ఆ లెక్కన ఓసాకాలో నా బస పొరపాటు ఎంపిక. నెలకు 60,000 యెన్లకు షేర్ హౌస్‌లో గది తీసుకున్నాను. గది శుభ్రం, వంటగది ఉంది, అన్నం పప్పు వండుకున్నాను. కానీ అక్కడున్న పది మందీ పది దేశాలవాళ్ళు. సాయంత్రమైతే అందరం ఇంగ్లీషే. మళ్ళీ వెళ్తే ఖర్చు కాస్త పెరిగినా ఎవరి ఇంట్లోనైనా హోమ్‌స్టే తీసుకుంటాను.

ఊరు మాత్రం ఓసాకానే ఎంచుకోండి. అక్కడివాళ్ళు మాటకారులు. తెన్‌జిన్‌బాషిసుజి అని 2.6 కిలోమీటర్ల పొడవున పైకప్పు వేసిన బజారు ఉంది. రోజూ క్లాసయ్యాక అందులో నడిచేదాన్ని. కూరగాయల కొట్టు ఆవిడ చిల్లర చేతిలో పెడుతూ "ఓకిని" అనేది. థాంక్స్ అన్నమాట. మా పుస్తకంలో ఉన్నది "అరిగాతో". కూడదు అనడానికి "దమె" అని నేర్చుకున్న చోట "అకన్", అది కాదు అనడానికి "చిగౌ" అని నేర్చుకున్న చోట "చౌ" వినిపించేవి. పత్రికలు చదివి తెలుగు నేర్చుకున్న మనిషి నేరుగా శ్రీకాకుళం సంతలో దిగితే ఎలా ఉంటుందో అలా ఉండింది మొదటి వారం. రెండో వారానికి చెవి అలవాటు పడింది.

కన్వీనియన్స్ స్టోర్ల గురించి భయపడకండి. కౌంటర్ దగ్గర వేగంగా ఏదో అడుగుతారు, తడబడిపోతాం. నిజానికి ఎక్కువగా అడిగేది మూడే: పాయింట్ కార్డు ఉందా, సంచి కావాలా, వేడి చేయాలా. సంచికి 2020 జూలై నుంచి డబ్బులు తీసుకుంటున్నారు, అందుకే అడుగుతారు. వద్దనుకుంటే "దైజోబు దెస్" చాలు. మాటకు అర్థం "పర్వాలేదు", కానీ అక్కడ అది "వద్దండీ" అని.

శాకాహారుల కష్టం వేరు. మాంసం తినను అంటే చేప తింటారనే అనుకుంటారు. చేప కూడా తినను అన్నా సరిపోదు, ఎందుకంటే మిసో సూపు దగ్గర్నుంచి నూడుల్స్ దాకా దాదాపు అన్నిటికీ ఆధారం దాషి, అంటే మామూలుగా ఎండబెట్టిన కత్సువో చేప తురుముతో కాచిన నీళ్ళు. కాబట్టి నేర్చుకోవాల్సిన వాక్యం ఇది: "కత్సువో దాషి మో తబెమాసెన్." కత్సువో దాషి కూడా తినను. ఆ "మో" మన "కూడా"నే.

చేప దాషి బెడద లేకుండా కడుపునిండా తిన్నది కోయాసాన్‌లో. 816లో కూకాయ్ అనే భిక్షువు స్థాపించిన బౌద్ధ క్షేత్రం అది. ఓసాకాలోని నంబ స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో గంటా ఇరవై నిమిషాలు, ఆపైన కేబుల్ కారు. యాభైకి పైగా ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. రెండు పూటల భోజనంతో రాత్రికి 13,000 యెన్లు ఇచ్చాను. ఉల్లి, వెల్లుల్లి లేని వంట. నువ్వుల పాలను గట్టిపరిచి చేసిన గోమాదోఫు నాలుక మీద పెడితే కరిగిపోయింది. గోడలు పల్చన, చలి ఎక్కువ. విదేశీయులు చాలామంది వస్తారు కాబట్టి అంతా ఇంగ్లీషులోనే వివరించారు. మాట్లాడటానికి అవకాశం తక్కువ.

కానీ భాష చదివేవాళ్ళు కోయాసాన్ తప్పక చూడాలి. ఒకునోయిన్ శ్మశానంలో రెండు లక్షలకు పైగా సమాధులు, ఆకాశాన్నంటే దేవదారు చెట్లు. నాచు పట్టిన రాతి స్తూపాల మీద సంస్కృత బీజాక్షరాలు, "సిద్ధం" అనే పాత భారతీయ లిపిలో. ఒక స్తూపం ముందు కూర్చుని వేలితో ఆ గీత వెంట రాసి చూసుకున్నాను. జపనీస్ అక్షరమాల క్రమం ఈ సిద్ధం చదువు నుంచి వచ్చిందే. అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క స త న హ మ య ర వ. మన వరుస గుర్తొస్తోందా? మరి ప ఉండాల్సిన చోట హ ఎందుకుంది? పూర్వం ఆ వరుసను ప అనే పలికేవారు. క్లాసులో బట్టీ పట్టిన పట్టిక అక్కడ నాకు చుట్టమైపోయింది.

ఇక అన్నిటికంటే మనసుకు దగ్గరైన చోటు చికత్సుయు. కుమానో కోదో యాత్రామార్గంలో చిన్న పల్లె. కీయ్-తనబెలో బస్సెక్కి తకిజిరి దగ్గర దిగి, కొండ దారిన 13 కిలోమీటర్లు నడవాలి. నాకు దాదాపు ఏడు గంటలు పట్టింది. పల్లె బస్సులో ఎక్కగానే అంకె వేసిన చీటీ తీసుకోవాలి. ముందున్న బోర్డులో ఆ అంకె కింద చార్జీ పెరుగుతూ కనిపిస్తుంది, దిగేటప్పుడు చిల్లర సరిగ్గా వేయాలి.

బసకోసం వారం ముందే ఫోన్లు చేశాను. వాక్యాలు కాగితం మీద రాసుకుని, చేతులు చెమటలు పడుతుండగా. మొదటి ఇంటివాళ్ళు నా తిండి సంగతి విని "చోత్తో ముజుకషీ దెస్ నె" అన్నారు. కొంచెం కష్టమండీ అని. మనవాళ్ళు "చూద్దాం లెండి" అన్నట్టే, అది కాదనడమే. రెండో చోట ఒక పెద్దావిడ ఎత్తారు. దాషి కూడా తిననన్నాను. "దాషి మో?" అని కాసేపు ఆగారు. తర్వాత కొంబు సరేనా అని అడిగారు. కొంబు అంటే సముద్రపు నాచు. సరేనన్నాను.

వెళ్ళేసరికి గడపలో మోకాళ్ళ మీద కూర్చుని లావుపాటి నోట్‌బుక్ తెరిచారు. అందులో నా పేరు విదేశీ పేర్లు రాసే కతకానా లిపిలో, పక్కన దాషి గురించి రెండు పంక్తులు, కింద గీత. స్నానం ఎన్నింటికి, పొద్దున తిండి ఎన్నింటికి, రేపటికి అన్నం ముద్దలు కట్టమంటారా, అన్నీ జపనీస్‌లోనే అడిగారు. నాకు అర్థం కానప్పుడు అదే మాట ఇంకాస్త మెల్లగా, ఇంకో రకంగా చెప్పేవారు. ఏ టీచరూ నాకోసం అంత ఓపిక పట్టలేదు.

రాత్రి భోజనం అయ్యాక చిన్న జాడీ తెచ్చి మూత తీశారు. ఉమెబోషి, అంటే ఉప్పులో ఊరేసి వాళ్ళింట్లో ఎండబెట్టిన ఉమె పళ్ళు. వకయమ ఉమె పళ్ళకు పేరుపడ్డ చోటు. ముడతలు పడ్డ ఎర్రటి పండు ఒకటి నా గిన్నెలో వేసి "తబెతె మితె" అన్నారు.

తిని చూడు. తబెతె అంటే తిని, మితె అంటే చూడు. అచ్చంగా మన మాట. ఇంగ్లీషులో ఈ వాక్యానికి నేను నెలల తరబడి వ్యాకరణం చదివాను, "ట్రై" అని అర్థం రాసుకున్నాను. తెలుగులో చదివి ఉంటే ఒక్క పంక్తిలో అయిపోయేది. కత్తె ఒకు అంటే కొని ఉంచడం. "ఇత్త" అంటే అన్నాడు; దాని ముందు వచ్చే "తో", "అన్నాడు" ముందు వచ్చే మన "అని". ఉమెబోషి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు, పులుపు, కారం లేని ఊరగాయ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పులుపుకే కాదు.

రెండు పూటల భోజనంతో 11,000 యెన్లు, నగదే తీసుకున్నారు. స్నానాల గది అందరికీ ఒకటే. ముందు బయట ఒళ్ళు రుద్దుకుని కడుక్కున్నాకే తొట్టిలోకి దిగాలి.

క్యోతో అందమైన ఊరే గానీ జనం తోపులాటలో మాటకు చోటు లేదు. తెల్లవారుజామున ఫుషిమి ఇనారి గుడి చూసి వచ్చేయండి, టికెట్ లేదు, రాత్రింబవళ్ళూ తెరిచే ఉంటుంది. టోక్యోలో మూడు రోజులున్నాను. చాలా హోటళ్ళలో ఆర్డర్ టాబ్లెట్ మీదే, మనిషితో పనే లేదు. నిషి-కసాయ్ వైపు మనవాళ్ళు చాలామంది ఉంటారు, ఇడ్లీ దోసె దొరుకుతాయి. బెంగ తీర్చుకోవడానికి మంచిదే.

దేశమంతా రైళ్ళలో తిరగడానికి పర్యాటకులు కొనే జేఆర్ పాస్ నేను కొనలేదు. 7 రోజుల పాస్ 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. ఓసాకా ఉన్న కాన్సాయ్ ప్రాంతంలో ఉండి చదువుకుంటూ చుట్టుపక్కల తిరిగేవాళ్ళకు అది నష్టం. ఇకోకా కార్డులో డబ్బులు వేసుకుంటూ తిరగండి, పల్లెలకు మాత్రం చిల్లర పట్టుకెళ్ళండి.

డిసెంబరులో ఎన్3 రాస్తున్నాను. అయ్యాక చికత్సుయుకు ఫోన్ చేసి గది అడగాలి. ఈసారి కాగితం చూడకుండా. దాషి సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదేమో, ఆవిడ నోట్‌బుక్‌లో గీత గీసుకున్నారుగా.