మిషిమా క్వార్టెట్: సినిమాలోనా, విడిగానా?

జపాన్ రచయిత యుకియో మిషిమా జీవితం మీద 1985లో వచ్చిన 'మిషిమా' సినిమాకు అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ చేసిన సంగీతంలోంచే ఆయన మూడో స్ట్రింగ్ క్వార్టెట్ (నలుగురు తీగ వాద్యాల మీద కలిసి వాయించే రచన) పుట్టింది. సినిమాలో ఈ నలుగురి వాద్యం వినిపించేది బ్లాక్ అండ్ వైట్‌లో తీసిన గతం సీన్లలో. అక్కడ కన్ను కథ వెంట పోతుంది, చెవికి మిగిలేది తక్కువ.

విడిగా వింటే సంగతి వేరు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, మొత్తం 6 భాగాలు. 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మా బాబాయికి ఓ రాత్రి డాబా మీద వినిపించాను. "ఇదేటిరా, పల్లవే తిప్పుతన్నారు, చరణం రాదేటి?" అన్నాడు. మూడో భాగం వచ్చేసరికి మాత్రం ఆయన వేళ్లు తొడ మీద తాళం మొదలెట్టాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు మాది. కచేరీ అంటే రాగాన్ని కొద్దికొద్దిగా విప్పడం. ఇక్కడ విప్పరు. అదే ముక్కను తిప్పుతూ, కింద ఒక్క స్వరం పక్కకు జరుపుతారు. ఆ జరగడం సినిమా చూస్తున్నప్పుడు నాకు వినపడనే లేదు.

నా ఓటు విడిగా వినడానికే. ముగింపు భాగం మాత్రం సినిమా చూసినవాళ్లకే గట్టిగా తగులుతుంది, ఒప్పుకుంటాను.