ప్రింట్ తీసేస్తామంటే నమ్మి బట్టలిచ్చేయకండి

బెంగళూరులో మారతహళ్లి వైపు ఉండే మనవాళ్లకు చెబుతున్నా. టీషర్టు మీద అంటించిన ప్రింట్ "గుర్తు కూడా లేకుండా తీసిస్తాం" అని ఎవరన్నా అంటే వెంటనే బట్ట చేతిలో పెట్టకండి. నేను పెట్టాను. ఒకటి కాదు, పదహారు జెర్సీలు.

సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం పిల్లలకు క్రికెట్ పెట్టుకున్నాం. ఒక్కోటి 380 పెట్టి జెర్సీలు చేయించాం, ముందువైపు స్పాన్సర్ పేరుతో. అవి చేతికొచ్చిన మర్నాడే ఆ స్పాన్సర్ మహానుభావుడు తప్పుకున్నాడు. (ఆయన కథ ఇప్పుడొద్దు, చెబితే తెల్లారుతుంది.) పాత పేరు పీకేసి కొత్తది వేయించాలి.

దగ్గర్లోని ఒక ప్రింటింగ్ షాపుకి వెళ్తే అక్కడి కుర్రాడు మదనపల్లె వైపు వాడు. "టెన్షన్ పడొద్దన్నా, వేడి మిషన్ కింద పెడితే అదే ఊడొస్తుంది. ఒక్కోదానికి 60 ఇవ్వు చాలు" అన్నాడు. మనోడే కదా అనుకున్నా. ముందు ఒకదాని మీద చేసి చూపించమని అడగాలనే బుద్ధి పుట్టలేదు. అడ్వాన్సు 500 ఫోన్‌లోనే కొట్టేశా, బిల్లు అడగలేదు.

నాలుగు రోజులకు పద్నాలుగు తిరిగొచ్చాయి. ఒకదాన్ని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుంటే ఊడదీసిన పేరు అక్షరం అక్షరం చదవొచ్చు. పైపొర పోయింది, జిగురు మిగిలింది. మా ఆవిడ గీకి చూస్తే గోటి కింద బంకలాగా చేరింది. ఉతికితే పోతుందేమోనని తువ్వాళ్లతో కలిపి మెషిన్‌లో వేశాం. తువ్వాళ్ల నూగంతా ఆ బంకకు పట్టుకుని అక్షరాలు తెల్లగా పైకి తేలాయి. పైసా ఇవ్వని స్పాన్సర్‌కి ఇంతకు ముందుకన్నా బాగా ప్రచారం! పేరు చుట్టూ షాపులో వేడి మిషన్ నొక్కిన మేరకు నిగనిగలాడే చదరపు మచ్చ ఒకటి. మూడింటికి బ్లేడు గాట్లు కూడా.

అప్పుడు కూర్చుని తెలుసుకున్నా. ఈ అక్షరాలు సన్నటి ప్లాస్టిక్ పొర. దాని కింద వేడికి కరిగే జిగురు ఉంటుంది. ఇంచుమించు 150 డిగ్రీల వేడిలో పది పదిహేను సెకన్లు నొక్కితే జిగురు దారాల్లోకి దిగి పట్టేస్తుంది. మళ్లీ వేడి చేస్తే పొర మెత్తబడి ఊడే మాట నిజమే. దారాల్లోకి దిగిన జిగురు మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని వదిలించాలంటే బట్ట తిరగేసి వెనకనుంచి రిమూవర్ ద్రవం పోయాలి, ఓపిగ్గా తుడవాలి. మావాడికి ఆ ఓపిక లేదు. పైగా మావి పాలిస్టర్ జెర్సీలు. లోపలి లేబుల్ మీద ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒకే చుక్క ఉంది, అంటే ఇంచుమించు 110 డిగ్రీలు దాటకూడదు. కాటన్‌కైతే మూడు చుక్కలు, 200 దాకా తట్టుకుంటుంది. వేడెక్కిన పాలిస్టర్‌ని గట్టిగా నొక్కితే దారం చదునైపోయి మెరుస్తుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మెరుపు పోదు.

ఇంకోటి, ప్రింట్ మీద వేలు పెట్టి తడమండి. పొర తగిలితే అంటించినది. పాలిస్టర్ మీద ఏమీ తగలకపోతే అది బహుశా సబ్లిమేషన్, రంగు దారంలోకే ఇంకిపోయి ఉంటుంది. దాన్ని తీస్తానన్నవాడితో బేరమే పెట్టుకోకండి.

పంతం కొద్దీ ఒక పాత కాటన్ టీషర్టు మీద నేనే ప్రయత్నించా. తిరగేసి వెనకనుంచి ఇస్త్రీపెట్టె అదిమి, వేడి మీదుండగానే ప్లక్కర్‌తో ఒక మూల లేపితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. మిగిలిన జిగురుకి అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ దూదితో అద్దాను. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి రంగు దిగట్లేదని చూసుకున్నాకే. అది ఇట్టే అంటుకునే సరుకు, ఇస్త్రీపెట్టె ఆపేసి పక్క గదిలో పెట్టి, కిటికీలు తెరిచి చేయండి. జిగురైతే పోయింది. కానీ వెలిసిపోయిన చొక్కా కదా, అక్షరాల కింద దాగిన చోట మాత్రం పాత రంగు ముదురుగా అలాగే ఉంది. పేరు ఇంకా చదవొచ్చు!

చివరికి వీధి చివర టైలర్ ఒక్కోదానికి 25 తీసుకుని, కొత్త పేరున్న గుడ్డముక్క పాత మచ్చ మీద కుట్టిపెట్టాడు. పిల్లలకి అదే నచ్చింది. 1915 కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను. బిల్లు లేదు, 500 పంపిన స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంది. మిగతా రెండు జెర్సీలు ఇంకా ఆ షాపులోనే ఉన్నాయి. మనోడు ఫోనెత్తడం లేదు.