కొత్త పికప్‌కి స్కిడ్ ప్లేట్లు: రాళ్ల దారిలో తేలిన సంగతులు

కొత్త పికప్ కొన్నామని తెలియగానే అందరూ ఇచ్చే మొదటి సలహా "కింద ప్లేట్ వేయించు". అంటే రాళ్ల దెబ్బలు ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ తగలకుండా బండి పొట్ట కింద బిగించే స్కిడ్ ప్లేట్ అన్నమాట. ఎక్కడ వేయించాలి, ఎంత మందం ఉండాలి, స్టీలా అల్యూమినియమా అని అడిగితే మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. మా బండి కింద కంపెనీ ఇచ్చింది ముందువైపు ఒక పల్చటి రేకు, దాని వెనక బురద చిందకుండా ఒక ప్లాస్టిక్ కవరు, అంతే. ఏదో ఒక సెట్ కొనేసి బిగించేబదులు, ముందు ఓ రాళ్ల దారి పట్టి వద్దాం, బండికి ఎక్కడ దెబ్బలు తగులుతాయో చూసి ఆ తర్వాత ప్లేట్ల సంగతి చూద్దాం అనుకున్నాం.

బయలుదేరే ముందు బండిని ర్యాంప్ ఎక్కించి, కింద వేలాడుతున్నట్టు కనిపించిన ప్రతి ఇనుప భాగానికీ చవకరకం పసుపు స్ప్రే పెయింట్ కొట్టాం. సైలెన్సర్, సెన్సార్లు, రబ్బరు బుష్‌లు వదిలేశాం. రాయి తగిలిన చోట పెయింట్ లేచిపోతుంది. దెబ్బ ఎటు నుంచి వచ్చిందో గీతను చూస్తే తెలిసిపోతుంది. ఈ ట్రిప్ మొత్తంలో మాకు బాగా పనికొచ్చిన ఖర్చు ఈ పెయింట్ డబ్బానే.

మొదటిది కంకర రోడ్డు. దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టైర్లు ఎగజిమ్మిన చిన్న రాళ్లు కింద టకటకా తగులుతుంటాయి, వినడానికి భయమేస్తుంది, కానీ నష్టం ఏమీ ఉండదు. స్పీడు తగ్గించి, టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే ఆ టకటక కూడా సగమవుతుంది. మీ ప్రయాణాలన్నీ ఇలాంటి రోడ్ల మీదే అయితే కంపెనీ ప్లాస్టిక్ చాలు, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

తర్వాత ఏటి ఒడ్డు, గుండ్రాళ్లు. ఇక్కడ కష్టం వేరే. రాయి కదలకుండా ఉంటే చూసి తప్పించుకోవచ్చు. గుండ్రాయి అలా కాదు, టైరు కింద నొక్కుకుని ఇంకోవైపు పైకి లేస్తుంది. ముందు నడుస్తూ చేతులతో దారి చూపిస్తున్న స్నేహితుడు "రైట్, రైట్, ఆగు" అంటూనే ఉన్నాడు, ఈలోగా ముందు యాక్సిల్ దగ్గర దబ్‌మని ఒక చప్పుడు. దిగి చూస్తే బయటికి ఏమీ కనబడలేదు.

అడవి దారిలో చప్పుడు తీరు మారింది. లారీ చక్రాలు చేసిన లోతైన గాళ్ల మధ్య మట్టి గట్టు ఎత్తుగా నిలిచి ఉంటుంది. దాని మీద బండి పొట్ట బర్రుమని రాసుకుంటూ పోతుంది. పికప్‌లకి ఇది పుట్టుకతో వచ్చిన ఇబ్బంది. హైలక్స్ డబుల్ క్యాబ్ వీల్‌బేస్ 3,085 మి.మీ., ఫోర్డ్ రేంజర్‌ది 3,270 మి.మీ. ముందు, వెనక చక్రాల మధ్య మూడు మీటర్లకు పైగా దూరం ఉన్నప్పుడు, గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి పొట్టకీ మధ్య ఎత్తు) కాగితం మీద ఎంత ఉన్నా, గట్టు దాటేటప్పుడు తగిలేది నడుమే. మట్టి గట్టు కాబట్టి సరిపోయింది. అదే చోట నరికిన చెట్టు మొద్దు ఉండి ఉంటే అది కదలదు, పొర్లదు, బండి ఆగిపోవాల్సిందే.

చివర్లో రాతి మెట్ల ఎక్కుడు. ట్రిప్‌లో అందమైన చోటు ఇదే, బండికి కష్టమైన చోటూ ఇదే. ఇక్కడ ఒక విషయం బాగా అర్థమైంది. ఇలాంటి పికప్‌లలో ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్, అంటే రెండు చక్రాలూ దేనికది పైకీ కిందికీ కదులుతాయి, అందువల్ల ముందు డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టె) చాసిస్‌కే, అంటే బండి ఫ్రేముకే బిగించి కాస్త ఎత్తులో ఉంటుంది. వెనకది ఒకే కడ్డీ లాంటి యాక్సిల్. దాని మధ్యలో ఉండే గుండ్రటి హౌసింగ్, మెకానిక్‌లు క్రౌన్ అంటారే, అదే బండి మొత్తంలో కిందికి ఉండే భాగాల్లో ఒకటి. పొట్ట కింద ఎన్ని ప్లేట్లు వేసినా దాన్ని కాపాడవు. ఆ హౌసింగ్ గట్టిదే, కానీ రాయిని చక్రాల మధ్యలోకి తీసుకోకుండా టైరునే రాయి మీదికి ఎక్కించడం డ్రైవరు పని.

ఇక బసల సంగతి. మొదట దిగిన లాడ్జిలో గది బాగుంది, వేడినీళ్లు బాగున్నాయి, పార్కింగ్ మాత్రం ఇరుకు, పైగా చీకటి. టార్చి పట్టుకుని బండి కిందికి దూరాలంటే కుదరలేదు. క్యాంపులో టెంట్లు వేసిన చోటు చదునుగా లేదు, వాలులో నిలబెట్టిన బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు కాబట్టి అక్కడా చూడలేదు. తర్వాత దిగిన పాత గెస్ట్‌హౌస్‌లో గదికి మార్కులు వేయాలంటే పాస్ మార్కులే. కానీ వెనక ఒకప్పటి వర్క్‌షాప్ తాలూకు సర్వీస్ పిట్ ఉంది, దానికి మాత్రం నూటికి నూరు. ఇలాంటి ట్రిప్ ప్లాన్ చేసేవాళ్లు బుక్ చేసుకునేటప్పుడు వైఫై గురించి అడిగే ముందు పిట్ గానీ ర్యాంప్ గానీ ఉందా అని అడగండి.

పిట్‌లోకి దిగి చూస్తే అసలు లెక్క బయటపడింది. మేం అన్నిటికంటే ఎక్కువ భయపడిన ఇంజిన్ ఆయిల్ ఛాంబర్ మీద పసుపు చెక్కు చెదరలేదు. దాని కింద ఉన్న కంపెనీ రేకు మాత్రం పిడికిలంత మేర లోపలికి నొక్కుకుపోయింది. రేకుకీ ఛాంబర్‌కీ మధ్య చిటికెన వేలు దూర్చి చూస్తే గోరు వరకే వెళ్లింది. ఇంకొక్క దెబ్బ పడితే ఆ రేకే ఛాంబర్‌ని పొడిచేది. గేర్‌బాక్స్ వెనక ఉండే క్రాస్ మెంబర్ (చాసిస్ పట్టీలని కలిపే అడ్డ పట్టీ) అంచు మీద అరచేతి వెడల్పున పెయింట్ పూర్తిగా పోయి లోహం మెరుస్తోంది, అది ముందు నుంచి వెనక్కి సాగిన గీత. ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర రెండు చోట్ల సన్నటి గాట్లు. డీజిల్ ట్యాంకు ముందు అంచు దగ్గర కాస్త రాపిడి. వెనక షాక్ అబ్జార్బర్లు కింద బిగించే బ్రాకెట్లు రెండూ గీసుకుపోయాయి. ఇది నేను ఊహించలేదు. దెబ్బ తినే చోట్లు ఇవీ అని ఫోటోలు తీసుకుని తిరిగొచ్చాం.

తిరిగొచ్చాక మూడు చోట్ల అడిగాం. షోరూమ్ యాక్సెసరీ కౌంటర్లో ముందు భాగానికి మాత్రమే ప్లేట్ ఉంది. బిగింపు నీట్‌గా ఉంటుంది, వారంటీ కాగితాల దగ్గర పేచీ ఉండదు, అంతవరకూ మంచిదే. గేర్‌బాక్స్ కింద సంగతేంటి అంటే "సార్, అక్కడ ఎవరూ వేయించరు" అన్నాడు. మా ఫోటో చూపిస్తే నవ్వేసి ఊరుకున్నాడు. రెండోది రెడీమేడ్ సెట్లు అమ్మే చోటు. రేడియేటర్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేస్ దాకా ముక్కలుగా వస్తాయి, చాసిస్‌కి ముందే ఉన్న రంధ్రాలకే బోల్టులు. మూడోది రేకు కోసి వంచి చేసిచ్చే ఫ్యాబ్రికేషన్ షెడ్డు.

షెడ్డు మేస్త్రీ పనిమంతుడు, సందేహం లేదు. కానీ చాసిస్‌కి బ్రాకెట్లు వెల్డింగ్ పెట్టేస్తానన్నాడు, దానికి నేను ఒప్పుకోలేదు. చాసిస్ పట్టీకి కొత్తగా వెల్డింగ్ వేడి తగిలినా, తోచిన చోట రంధ్రం వేసినా బలం తగ్గుతుంది, వారంటీ కూడా పోవచ్చు. అతను చెప్పిన ఒక మాట మాత్రం నోట్ చేసుకున్నాను. "అన్నా, గట్టి అల్యూమినియం షీటు తెచ్చి బాగా వంచమంటే మూల దగ్గర చిట్లుద్ది." అది నిజమే. 6061 టీ6 రకం బలమైనదే, కానీ బిగుతుగా వంచితే పగుళ్లిస్తుంది. 5052 రకం వంపుకి బాగా లొంగుతుంది. సెట్ కొనేటప్పుడు ఏ గ్రేడ్ అని అడిగితే అమ్మేవాడికి ఆ సరుకు గురించి ఎంత తెలుసో కూడా తేలిపోతుంది.

స్టీలా అల్యూమినియమా అన్న దగ్గర అందరూ బరువు ఒక్కటే చూస్తారు. చదరపు మీటరు 4 మి.మీ. స్టీలు షీటు సుమారు 31 కిలోలు. 6 మి.మీ. అల్యూమినియం అయితే దాదాపు 16 కిలోలు. ఒకే మందంలో అల్యూమినియం స్టీలు కంటే మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. కానీ వంగకుండా నిలిచే గుణం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 6 మి.మీ. అల్యూమినియం 4 మి.మీ. స్టీలుతో సమంగా, ఇంకా చెప్పాలంటే ఓ పిసరు ఎక్కువగానే నిలబడుతుంది, అదీ సగం బరువుతో. మరి స్టీలెందుకు? జారడానికి. రాయి మీద స్టీలు గీసుకుంటూ సాగిపోతుంది. అల్యూమినియం మెత్తన కావడంతో రాయి అందులో దిగి పట్టుకుంటుంది, బండి ఆ పట్టు మీదే నిలిచిపోతుంది. గట్టిరకం ప్లాస్టిక్ ప్లేట్లూ ఉన్నాయి, యూహెచ్‌ఎండబ్ల్యూ పాలిథిలిన్ అంటారు. జారడంలో వాటిని మించినవి లేవు, తుప్పు మాటే లేదు. అయితే అది 130 డిగ్రీలు దాటితే కరిగిపోయే సరుకు. డీజిల్ బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఆ మసి కాల్చుకునేటప్పుడు లోపల వేడి 550 డిగ్రీలు దాటుతుంది. సైలెన్సర్ పక్కన ఆ ప్లాస్టిక్ పెట్టే ధైర్యం నాకు లేదు.

మా బండికి ముందు పడ్డవి పొడిచే దెబ్బలు, నడుముకి తగిలినవి ఈడ్చే దెబ్బలు. అందుకే ముందు 6 మి.మీ. అల్యూమినియం, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ కింద 4 మి.మీ. స్టీలు తీసుకున్నాం. ముందు స్ప్రింగుల మీద బరువు తగ్గడం కూడా ఒక కారణం. రెండు లోహాలు కలిసే చోట తడి చేరితే అల్యూమినియం తుప్పు పట్టినట్టు తినుకుపోతుంది కాబట్టి మధ్యలో రబ్బరు పట్టీ, బోల్టుల కింద నైలాన్ వాషర్లు వేయించాం.

మందం కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయని నా అభిప్రాయం. ప్లేట్ ముందు అంచు పైకి వంచి ఉండాలి. బోల్టు తలలు గుంతల్లో దాగి ఉండాలి, లేకపోతే మొదటి రాయికే అరిగిపోయి తర్వాత ఏ స్పానరూ పట్టదు. ముక్కలు ఇంటి పెంకులు పరిచినట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. ముందు ప్లేట్ వెనక అంచు, దాని వెనక ప్లేట్ ముందు అంచు కిందికి రావాలి. అప్పుడే రాయి సందులో ఇరుక్కోకుండా జారిపోతుంది. రివర్స్‌లో మాత్రం ఇదే అంచు పట్టుకుంటుంది, కాబట్టి రాళ్లలో వెనక్కి రావాల్సొస్తే నెమ్మదిగా రావాలి. ప్లేట్ భారం చాసిస్ మీద పడాలి, గేర్‌బాక్స్ మీద కాదు. దెబ్బ తగిలితే వంగడానికి ప్లేట్‌కీ ఛాంబర్‌కీ మధ్య జాగా ఉండాలి. డ్రెయిన్ నట్టు, ఫిల్టర్ ఎదురుగా రంధ్రాలు లేని సెట్ కొంటే, ఆయిల్ మార్చిన ప్రతిసారీ మొత్తం ఊడదీసి బిగించాలి, ఆ కూలీ సెట్ ధరలో కనబడదు.

ప్లేట్లు వేయించాక మళ్లీ అదే దారిన వెళ్లాం. ఏటి గుండ్రాళ్లలో చప్పుడు మునుపటి కంటే పెద్దగా వచ్చింది, ప్లేట్ డప్పులా మోగుతుంది, టెన్షన్ పడక్కర్లేదు. మట్టి గట్టు మీద మునుపు బర్రుమన్న చోట ఈసారి సర్రుమని జారింది. ప్లేట్లు కిందికి దిగినంత మేర క్లియరెన్స్ తగ్గింది, కాబట్టి మునుపు తగలని ఒకటి రెండు రాళ్లు ఈసారి తగిలాయి కూడా. ఇంజిన్ ఒక స్పీడులో ఉన్నప్పుడు ముందు ప్లేట్ జివ్వుమని అదిరింది, ఒక బోల్టు వదులైంది. బిగించిన తర్వాత కొన్ని వందల కిలోమీటర్లకి బోల్టులన్నిటికీ మరోసారి టార్క్ (బిగుతు) చూడమని అంటారు. మా అనుభవంలో రాళ్ల దారి దిగిన సాయంత్రమే చూసుకోవడం మేలు.

బురద గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దారిలో వాటర్ సర్వీసింగ్ చేసినచోట బయటంతా తళతళలాడించారు, ప్లేట్ల పైన మాత్రం ఒక్క చుక్క కొట్టలేదు. లోపల తడి మట్టి కిలోల లెక్కన పేరుకుపోయి ఉంది. అది తుప్పు తెస్తుంది, గేర్‌బాక్స్ వేడి బయటికి పోనివ్వదు. ఎండు గడ్డి అయితే ఇంకా ప్రమాదం, సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది. గన్ను మొనని ప్లేట్ రంధ్రాల్లోంచి పైకి పెట్టి కొట్టమని దగ్గరుండి చెప్పాలి. ఆయిల్ లీకు ఉన్నా ప్లేట్ మీదే ఆగిపోయి నేల మీద మరక పడదు, కాబట్టి కడిగించినప్పుడల్లా రంధ్రాల దగ్గర వేలు పెట్టి జిడ్డు ఉందేమో చూస్తున్నాం.

వెనక షాక్ అబ్జార్బర్ల బ్రాకెట్లకి చిన్న గార్డులు వేయించాం. తేలిక, చవక, రెండోసారి దెబ్బలన్నీ వాటి మీదే పడ్డాయి. ట్యాంకు కింద ప్లేట్ ఇంకా వేయించలేదు. ట్యాంకు ముందు అంచున ఉన్న ఆ పసుపు రాపిడి రెండోసారి పెరగలేదు. ప్లేట్ బరువంతా పేలోడ్‌లోంచే, అంటే బండి మోయగలిగే బరువులోంచే పోతుంది, మాకు ఆ కిలోలు నీళ్లకీ స్పేర్ టైరుకీ కావాలి. రాతి మెట్లు ఇంతకంటే ఎత్తుగా ఉండే దారి పెట్టుకుంటే అప్పుడు చూస్తాం.