క్లిప్పు జరపడానికి రూ. 1,500 అట: తిరుపతిలో ఆడియో సాఫ్ట్‌వేర్ కొనేవారు జాగ్రత్త

పాటలు, హరికథలు, పాఠాలు ఇంట్లోనే రికార్డు చేసుకోవడానికి తిరుపతిలో కంప్యూటర్ కొంటున్నారా? సాఫ్ట్‌వేర్‌కు విడిగా డబ్బు అడిగితే కాస్త ఆగండి. ‘స్టూడియో సాఫ్ట్‌వేర్, ఏడాది లైసెన్సు’ అంటూ ఒక దుకాణం మా బావగారి దగ్గర రూ. 3,500 తీసుకుంది. అంటగట్టింది మాత్రం ఎవరైనా ఉచితంగా దించుకోగల ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. తెరమీది గుర్తుకు పేరు మార్చి పెట్టారు, అంతే.

బావగారు హరికథ చెబుతారు. శ్రీకాళహస్తి తిన్నడి కథను ముక్కలు ముక్కలుగా రికార్డు చేశారు. తిన్నడు రెండో కన్ను పెకలించబోయే ఘట్టంలో పద్యం ముందు పాడేసి, దానికి ముందు రావలసిన వచనం మరునాడు చెప్పారు. ఇప్పుడు వచనాన్ని ముందుకు తెచ్చి, పద్యాన్ని వెనక్కి జరపాలి. ఎడిటింగ్‌లో ఇంతకంటే మామూలు పని ఉండదు. కానీ మౌసుతో ఎంత లాగినా క్లిప్పు, అంటే రికార్డు చేసిన ముక్క, కదలదు; లాగినంత మేర ఎంపికై రంగు మారుతుంది.

దుకాణానికి ఫోను చేస్తే, ‘క్లిప్పులు జరపడం వేరే ప్యాకేజీ అండి, రూ. 1,500 అవుతుంది’ అన్నారు. వాళ్లు పంపిన కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టాడు, నల్లటి తెర మీద ఏవో అక్షరాలు పరుగెత్తించాడు, చివరికి ఎఫ్5 నొక్కాడు. క్లిప్పు కదిలింది. బావగారు సంతోషంగా డబ్బు చేతిలో పెట్టారు. నాకు ఆ ఎఫ్5 మీద అనుమానం వచ్చి, అతను వెళ్లాక హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచాను. ఆడాసిటీ 2.4.2 అని ఉంది. అది 2020 నాటి వెర్షన్.

ఆ పాత వెర్షన్లలో క్లిప్పును జరపాలంటే టైమ్ షిఫ్ట్ టూల్ ఎంచుకోవాలి. అటూ ఇటూ బాణాలున్న గుర్తు అదే, దాని మీటే ఎఫ్5. మళ్లీ ఎంపికకు రావాలంటే ఎఫ్1. ప్రతి కాపీలోనూ పుట్టుకతోనే ఉంటుంది, ఏ ప్యాకేజీతోనూ రాదు. మా దగ్గర రూ. 1,500 తీసుకున్నది ఒక మీట నొక్కినందుకు! ఇక 2021లో వచ్చిన 3.1లోనైతే ఆ టూలే లేదు. క్లిప్పు పైనున్న పట్టీని పట్టుకుని లాగితే జరుగుతుంది. అంచు లాగి దాచిన భాగాన్ని మళ్లీ అంచు లాగి వెనక్కి తెచ్చుకోవచ్చు కూడా. కొత్తది పెట్టి ఉంటే అమ్మడానికి వాళ్లకు ‘ప్యాకేజీ’ మిగిలేది కాదు మరి.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆడాసిటీ జీపీఎల్ అనే, ఎవరైనా వాడుకుని పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద వస్తుంది, ఆ లైసెన్సు ప్రకారం కాపీకి డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ఇన్‌స్టాల్ చేసి, నేర్పించి రుసుము అడిగితే సంతోషంగా ఇస్తాం. పేరు దాచడం, లేని ఏడాది గడువు పెట్టడం, ఉన్న సదుపాయాన్నే మళ్లీ అమ్మడం మాత్రం మోసమే.

అడిగితే రూ. 1,500 వెనక్కి ఇస్తామన్నారు, మిగతాది ‘సర్వీసు’ అట. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. అందుకే దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. మాకు అడ్డం వస్తున్నది బిల్లు: దాని మీద ‘కంప్యూటర్ సామగ్రి’ అని తప్ప సాఫ్ట్‌వేర్ పేరే లేదు. మీరు కొనేటప్పుడు పేరు, వెర్షన్ రెండూ బిల్లులో రాయించండి. రాయనంటే బయటికి వచ్చేయండి.

ఇప్పటికే ఇలా కొన్నవారు ఆడాసిటీ సొంత వెబ్‌సైట్ నుంచే కొత్తది దించుకోండి. అదే పేరుతో కనిపించే ఇతర సైట్ల జోలికి వెళ్లకండి. పాత ప్రాజెక్టులను కొత్త కంప్యూటర్‌కు మార్చేటప్పుడు ఏయూపీ (.aup) అనే ప్రాజెక్టు ఫైలుతో పాటు పక్కనున్న డేటా ఫోల్డరును కూడా కాపీ చేయాలి, ధ్వని అంతా అందులోనే ఉంటుంది. కొత్త వెర్షన్ దాన్ని తెరిచి ఏయూపీ3 (.aup3) అనే కొత్త రకం ఫైలుగా భద్రపరుస్తుంది. ఆ ఫైలు మళ్లీ 2.4.2లో తెరుచుకోదు, కాబట్టి పాత ఫోల్డరును వెంటనే చెరిపేయకండి.